మాస్టారికి బాకీ ఉన్న జవాబు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి, "ఇరవై నిమిషాలు ఏదైనా మాట్లాడు, నీ ఉద్యోగం గురించి మాత్రం వద్దు" అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది. ముప్పై ఏళ్లకు పైగా నేను లిఫ్టులు బిగించే ఇంజినీరుని. నేను లిఫ్టుల మాట ఎత్తితే మీలో ప్రతి ఒక్కరూ మీ అపార్ట్‌మెంట్ లిఫ్టు ఎప్పుడు ఆగిపోయిందో చెబుతారు, సభ రాత్రి దాకా సాగుతుంది. అందుకని ఈ రోజు బొటనవేలి గురించి మాట్లాడతాను. నవ్వకండి. ఈ బొటనవేలి మీద నాకు నలభై ఏళ్ల బాకీ ఒకటి ఉంది. అది తీర్చే చోటు ఇదే.

1980లో నేను ఎనిమిదో తరగతి బి సెక్షన్. తెలుగు మాస్టారు ఏకలవ్యుడి కథ చెబుతున్నారు. ద్రోణుడు గురుదక్షిణగా కుడిచేతి బొటనవేలు అడగడం, శిష్యుడు మారు మాట్లాడకుండా కోసి ఇవ్వడం. క్లాసంతా నిశ్శబ్దం. అప్పుడు నా పక్కన కూర్చున్న నా బెంచీ మిత్రుడు లేచి నిలబడ్డాడు.

"సార్, బాణం ఏసేటప్పుడు తాడు గుంజేది వేళ్లతోని కద సార్. బొటనవేలు పోతే ఏం పోయింది?"

క్లాసంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. కానీ వాడు ఊరికే అడగలేదు. దసరా సెలవుల్లో మా వాడకట్టులో పిల్లలందరికీ వెదురు బద్దలతో విల్లులు చేసి పెట్టేది వాడే. ఏ బద్ద ఎంత వంగుతుందో, తాడు ఎంత బిగించాలో వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. విల్లు చేసేవాడు అడిగిన ప్రశ్న అది. వేళ్లతో లాగుతాం కదా, బొటనవేలు ఖాళీగానే ఉంటుంది కదా, మరి అర్జునుడికి అడ్డు ఎలా తొలగింది?

మాస్టారు కోప్పడలేదు. పుస్తకం మూసి కాసేపు ఆలోచించారు. "మంచి ప్రశ్న రా. నాకు జవాబు తెలియదు. మీలో ఎవరికి తెలిసినా, ఎప్పుడు తెలిసినా, వచ్చి నాకు చెప్పండి" అన్నారు. ఒక మాస్టారు నలభై మంది పిల్లల ముందు "నాకు తెలియదు" అనడం నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత ఉద్యోగంలో ఎంతోమంది పై అధికారుల దగ్గర ఆ మాట కోసం ఎదురు చూశాను. దొరకలేదు.

చిత్రం ఏమిటంటే, ఆ జవాబు మాకు ఆ ఏడాదే రెండు గజాల దూరంలోకి వచ్చింది. చలికాలంలో మమ్మల్ని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లారు, మీకందరికీ గుర్తుండే ఉంటుంది. అఫ్జల్‌గంజ్‌లో దిగి, వంతెన దాటి, రెండేసి వరసల్లో నడక. పన్నెండు గంటలకు గడియారంలోంచి బొమ్మ వచ్చి గంట కొడుతుంది, అది చూడాలని అందరికీ ఆత్రం. పచ్చరాతి వస్తువులు పెట్టిన గదిలో మావాడు ఒక అద్దాల పెట్టె ముందు నిలబడిపోయాడు. "ఇంత లావు ఉంగరం ఎవని వేలికి పడ్తదిరా?" అన్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని గడియారం దగ్గరికి లాక్కుపోయాను.

ఆ మర్నాటి సంవత్సరం ఎన్‌సీసీలో చేరాను. మనది కంటోన్మెంట్ ఊరు కదా, బడి పక్కనే పరేడ్ చప్పుళ్లు. ఫైరింగ్ రేంజిలో హవల్దారు గారు పడుకోబెట్టి పాయింట్ టూటూ రైఫిల్ చేతికిచ్చి "షిస్త్ లో" అని అరిచేవారు. గురి చూడు అని అర్థం. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో మేము అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆ మాటలో కూడా మా జవాబే దాక్కుని ఉందని తెలియడానికి నాకు ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఇక 2016కి వస్తాను. కంపెనీ పని మీద దక్షిణ కొరియా రాజధాని సియోల్ వెళ్లాను. ఆదివారం సెలవు. ఇన్వాంగ్ కొండ పాదాన, రాజభవనాలకు దగ్గరలో హ్వాంగ్‌హాక్‌జంగ్ అని ఒక పాత విలువిద్యా మండపం ఉంది. గోజోంగ్ చక్రవర్తి కాలంలో కట్టింది. అక్కడ డెబ్బై ఏళ్ల పెద్దాయన ఒకరు తన ఎత్తులో సగం కంటే కొంచెం పెద్దదైన విల్లు పట్టుకుని నిలబడ్డారు. లక్ష్యం ఎక్కడుందో నాకు వెంటనే కనబడలేదు. చూపించారు: 145 మీటర్ల దూరంలో ఒక వాలు బల్ల. ఒలింపిక్స్‌లో దూరం 70 మీటర్లే. ఆయన బాణం వదిలారు. కాసేపటికి అటునుంచి టక్కుమని చప్పుడు వచ్చింది.

నేను ఆయన చేతినే చూస్తున్నాను. మూడు వేళ్లతో లాగలేదు. బొటనవేలిని కొక్కెంలా మడిచి తాడుకు తగిలించారు. దాని మీద చూపుడువేలు తాళంలా వేశారు. బొటనవేలికి ఒక లావు ఉంగరం ఉంది.

నిజం చెబుతున్నాను, నాకు ఆ క్షణంలో సియోల్ కనబడలేదు. ఎనిమిదో తరగతి బి సెక్షన్ కనబడింది. వాడు లేచి నిలబడటం, మేము నవ్వడం, మాస్టారు పుస్తకం మూయడం కనబడ్డాయి.

అక్కడ ఇంకొక సంగతి తెలిసింది. గురువులున్న సభ కాబట్టి చెబుతాను. కొరియా మండపాల్లో ఒక మర్యాద ఉంది. రోజులో మొదటి బాణం వేసే ముందు విలుకాడు పక్కవాళ్లకు వినబడేలా ఒక మాట అంటాడు: "విల్లు నేర్చుకుంటున్నాను" అని. నలభై ఏళ్లు వేసినవాడైనా అదే మాట. మిగతావాళ్లు "ఎక్కువ బాణాలు తగలాలి" అని దీవిస్తారు. మొదటి రోజు వచ్చినవాడికీ, గురువుకీ ఒకటే మాట.

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. నేను ఇంజినీరుని కాబట్టి రెండు మూడు అంకెలు భరించండి.

వింటినారిని లాగడానికి మనుషులు కనిపెట్టిన పద్ధతులు కొన్నే. ఎడ్వర్డ్ మోర్స్ అనే అమెరికన్ జంతుశాస్త్రవేత్త జపాన్‌లో పాఠాలు చెప్పి వచ్చాడు. జపాన్ వాళ్లు బాణం వదిలే తీరు తనకు తెలిసిన తీరుకు పూర్తిగా భిన్నంగా ఉండటం చూసి ఆశ్చర్యపోయి, ప్రపంచంలోని పద్ధతులన్నీ పోగుచేసి 1885లో ఒక వ్యాసం రాశాడు. అందులో ముఖ్యమైనవి మూడు అనుకుందాం. ఒకటి, బాణం చివరనే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెలా పట్టి లాగడం. చిన్నప్పుడు పిల్లలందరూ చేసేది అదే. బలమైన విల్లుకు అది చాలదు, వేళ్లు జారిపోతాయి. రెండు, మూడు వేళ్లతో తాడును లాగడం. ఐరోపా పద్ధతి ఇది, ఇవాళ ఒలింపిక్ పద్ధతీ ఇదే. మన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ లాగేది ఇలాగే. మూడు, బొటనవేలి పద్ధతి. మోర్స్ దీనికి మంగోలియన్ అని పేరు పెట్టాడు. కొరియా, చైనా, జపాన్, మంగోలియా, మధ్య ఆసియా, ఇరాన్, టర్కీ, మొఘలుల హిందుస్తాన్ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

ఎందుకు బొటనవేలు? మొదటి కారణం విల్లు పొడవు. గుర్రం మీద కూర్చుని వేసే విల్లు పొట్టిగా ఉండాలి, లేకపోతే గుర్రం మెడకు తగులుతుంది. కొమ్ము, కట్టె, పశువుల నరాలు కలిపి అతికించి చేసిన పొట్టి విల్లును చెవి దాకా లాగితే తాడు ఇంగ్లీషు వి అక్షరంలా సన్నగా మడుస్తుంది. ఆ సందులో మూడు వేళ్లు పెడితే నలిగిపోతాయి. ఒక్క బొటనవేలు హాయిగా పడుతుంది. రెండో కారణం, తాడును వదిలే తీరు. మూడు వేళ్లు ఒకేసారి తెరుచుకోవాలంటే చాలా సాధన కావాలి. ఒకటి ఆలస్యమైతే బాణం పక్కకు పోతుంది. బొటనవేలి పద్ధతిలో తాళం వేసిన చూపుడువేలు సడలిస్తే చాలు, మిగతా పని తాడే చేసుకుంటుంది. మూడో కారణం వేగం. మూడు వేళ్లతో లాగేవాడు బాణాన్ని విల్లుకు ఎడమ పక్కన పెడతాడు. బొటనవేలితో లాగేవాడు కుడి పక్కన పెడతాడు. కుడి తుంటి దగ్గర అమ్ములపొదిలోంచి తీసిన బాణం విల్లును దాటి అవతలికి పోనక్కరలేదు, తిన్నగా తాడు మీదికి వస్తుంది. ఈ మూడో కారణం గుర్తుపెట్టుకోండి, ఏకలవ్యుడి దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మరి ఉంగరం ఎందుకు? 18 కిలోల బలం ఉన్న విల్లు తీసుకుందాం. యుద్ధానికి వాడిన విల్లులతో పోలిస్తే ఇది చాలా సాధువు. మూడు మిల్లీమీటర్ల తాడు, బొటనవేలి మీద ఒకటిన్నర సెంటీమీటర్ల మేర ఆనుతుంది. అంటే అర చదరపు సెంటీమీటరు కూడా లేని చోట 18 కిలోలు. చదరపు సెంటీమీటరుకు దాదాపు 40 కిలోల ఒత్తిడి. మీ కారు టైరులో ఉండేది సుమారు రెండు కిలోలు. ఇరవై టైర్ల ఒత్తిడి ఒక్క వేలి చర్మం మీద! ఉంగరం పెడితే అదే బరువు మూడు చదరపు సెంటీమీటర్ల మీదికి పరుచుకుంటుంది, ఒత్తిడి ఆరుకు దిగుతుంది. నున్నటి అంచు మీద తాడు జారుతుంది కాబట్టి బాణం కూడా తిన్నగా పోతుంది. పాదం గుచ్చుకోకుండా చెప్పు వేసుకున్నట్టే ఇది, కాకపోతే ఈ చెప్పు వేగం కూడా పెంచుతుంది.

ఒక్కొక్క దేశం ఈ చెప్పును ఒక్కో రకంగా కుట్టుకుంది. చైనాలో అన్యాంగ్ దగ్గర 1976లో ఫూ హావ్ అనే రాణి సమాధి తవ్వారు. మూడు వేల రెండు వందల ఏళ్ల నాటిది. ఆమె సైన్యాలను నడిపించిన మనిషి. ఆ సమాధిలో పచ్చరాతి బొటనవేలి ఉంగరం దొరికింది. తర్వాతి కాలంలో మంచూ ప్రభువులు గొట్టంలాంటి ఉంగరాలు తొడిగారు. చివరికి బాణం పట్టని బాబులు కూడా హోదా కోసం వాటిని పెట్టుకుని తిరిగారు. జపాన్ వాళ్లు ఉంగరం బదులు బొటనవేలు గట్టిగా ఉండే జింకతోలు చేతొడుగు చేసుకున్నారు. టర్కీ వాళ్ల ఉంగరానికి ముందుకు నాలుకలా ఒక పెదవి ఉంటుంది, అది వేలి మెత్తటి భాగాన్ని కప్పుతుంది. దాని పేరు జిహ్‌గీర్. ఫారసీలో జిహ్ అంటే వింటినారి, గీర్ అంటే పట్టేది. మన జాగీర్‌లో ఉన్న గీర్ కూడా అదే. అది జాగాను పట్టింది, ఇది తాడును పట్టింది. ఇస్తాంబుల్‌లో ఓక్‌మేదాన్ అనే మైదానంలో విలుకాళ్లు ఎంత దూరం వేశారో చెప్పే రాళ్లు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఆ విద్యను 2019లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక మన ఊరు. సియోల్ నుంచి వచ్చిన తర్వాత మొదటి ఆదివారమే సాలార్‌జంగ్ మ్యూజియానికి పోయాను. గడియారం వైపు చూడలేదు. తిన్నగా పచ్చరాయి గదిలోకి. జహంగీరు బాకు, నూర్జహాను పళ్లు కోసుకున్న చాకు ఉన్న గది అది. అక్కడ ఉంది ఆ ఉంగరం. షాజహానుది. దాని మీద సాహిబ్-ఎ-ఖిరాన్-ఎ-సానీ అని ఆయన బిరుదు చెక్కి ఉంది. శుభగ్రహాల కలయికలో పుట్టిన రెండో ప్రభువు అని అర్థం. మొదటివాడు తైమూరు. తాజ్‌మహల్ కట్టించిన ఆయన బొటనవేలికి తొడిగేందుకు చేసిన విలుకాడి ఉంగరం మన మూసీ ఒడ్డున ఉంది. పచ్చరాయిని ఉలితో చెక్కలేరు, ఇసుకలాంటి గట్టి పొడితో అరగదీయాలి. గాజులా పగలదు, లోపల నారలు పెనవేసుకున్నట్టు ఉంటుంది, అందుకే దెబ్బకు ఓర్చుకుంటుంది. ఇంత సన్నటి వస్తువుకు ఆ రాయిని ఎంచుకున్నవాడికి మా మెటీరియల్స్ పాఠం బాగా తెలుసు.

ఆ తర్వాత ఉర్దూ నిఘంటువు తిరగేస్తే హవల్దారు గారి మాట దొరికింది. షస్త్ అంటే బొటనవేలు. విలుకాడు బొటనవేలికి తొడిగే ఉంగరం కూడా షస్తే. గురి అన్నా షస్తే. షస్త్ కట్టడం అంటే గురి పెట్టడం. పలుకుబడిలో అది షిస్త్ అయింది. విల్లు పోయి, తుపాకీ వచ్చి, సైన్యాలు మారి, దొరలు మారినా ఆ మాట మాత్రం పోలేదు. మన పరేడ్ మైదానాల్లో కుర్రాళ్లు రైఫిలు పట్టుకుని ఇప్పటికీ తలుచుకునేది బొటనవేలి ఉంగరాన్నే, వాళ్లకు తెలియకుండా.

ఇప్పుడు ఏకలవ్యుడు. మాస్టారూ, ఇక్కడి నుంచి మీకు.

మీరు ఆ రోజు చెప్పిన కథలో కుక్క ఉంది. అది మొరుగుతుంటే, మూతి మూసేలోపల ఏకలవ్యుడు దాని నోట్లోకి ఏడు బాణాలు వేశాడు. పాండవులు ఆశ్చర్యపోయింది గురికే కాదు, ఆ లాఘవానికి కూడా. సంస్కృత మహాభారతంలో ఆదిపర్వంలో, వేలు ఇచ్చిన తర్వాత ఏం జరిగిందో కూడా ఉంది. ఏకలవ్యుడు విల్లు వదిలేయలేదు. మిగిలిన వేళ్లతో లాగడం మొదలుపెట్టాడు. కానీ ముందున్నంత వేగం లేకపోయింది. కథ చెప్పినవాడు గురి పోయిందనలేదు, బలం పోయిందనలేదు. వేగం పోయిందన్నాడు. కుడి పక్క నుంచి బొటనవేలితో లాగేవాడు మూడు వేళ్ల పద్ధతికి మారితే మొదట పోయేది వేగమే. ఇది విల్లు తెలిసినవాడు చెప్పిన మాట అని నాకు అనిపిస్తుంది.

వసిష్ఠుడి పేరు మీద ఉన్న ధనుర్వేదంలో తాడు పట్టే పిడికిళ్లకు పేర్లున్నాయి: పతాక, వజ్రముష్టి, సింహకర్ణి, మత్సరి, కాకతుండి. సింహకర్ణి అంటే చూపుడువేలి కొన బొటనవేలి మధ్య భాగాన ఆనేది. నేను సియోల్‌లో చూసిన తాళం దాదాపు ఇదే. మన పురాణాల్లో వీరుల వర్ణన వచ్చినప్పుడల్లా వినబడే గోధ, అంగుళిత్రాణం అనే మాటలు ఊరికే అలంకారానికి కావు. గోధ ఎడమ ముంజేతికి తాడు దెబ్బ తగలకుండా కట్టే తోలు, అంగుళిత్రాణం వేలికి రక్షణ. కాబట్టి ఆ ప్రశ్నకు నా జవాబు ఇది: ఆ కథలోని విలుకాడు లాగింది బొటనవేలితో. అందుకే ద్రోణుడు చేతిని అడగలేదు, కన్ను అడగలేదు. విద్య ఎక్కడుందో గురువుకు తెలుసు. సరిగ్గా అదే అడిగాడు.

జవాబు అయిపోయింది. కానీ మాట ఇంకా అయిపోలేదు.

తెలుసుకున్నవాడు ఊరుకోడు కదా, నేనూ వేద్దామనుకున్నాను. ఒక విల్లు తెప్పించుకున్నాను. ఉంగరం మాత్రం నా తెలివితో నేనే చేద్దామని కంప్యూటర్‌లో బొమ్మ గీసి, త్రీడీ ప్రింటర్‌లో ప్లాస్టిక్‌తో అచ్చు తీయించాను. కీసర దగ్గర ఒక స్నేహితుడి తోటలో మొదటి పది బాణాలు బాగానే పోయాయి. పదకొండోది పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు ఉంగరం పెదవి పటుక్కున విరిగింది. అచ్చు పొరలు ఎటు పేర్చానో, బలం అటే పడుతుంది. మొదటి సంవత్సరం ఇంజినీరింగ్ పిల్లవాడు కూడా చేయని పొరపాటు అది. తాడు వేలిని గీరుకుంటూ పోయింది. గోరు నల్లబడి మూడు వారాలు పెన్ను పట్టలేకపోయాను. మా ఆవిడ కట్టు కడుతూ "మీకు ద్రోణుడు కూడా అక్కర్లేదు, మీకు మీరే ఇచ్చేసుకునేలా ఉన్నారు" అంది.

అప్పుడు లోహంతో చేయించాలని లేతు పనివాడి కోసం వెతికాను. మా బ్యాచి వాట్సాప్ గుంపులో అడిగితే ఒకరు రాశారు: "మన బి సెక్షన్‌లో ఉండేవాడు కదా, విల్లులు చేసేవాడు. బాలానగర్‌లో లేతు షాపు ఉంది." వాడు గుంపులో ఎందుకు లేడని అడిగాను. సభ్యుల జాబితాలో పేరు లేదు కాబట్టి చేర్చలేదన్నారు.

వాడి సంగతి మీకు చెప్పాలి. వాళ్ల నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా పోయారు. ఇంటికి పెద్దవాడు వీడే. దీపావళి సెలవుల తర్వాత బడికి రాలేదు. సోమవారం వాడి చోట్లో ఇంకొకడు కూర్చున్నాడు. ఆ రోజు నేను ఏమీ అడగలేదు. వాళ్ల ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. ఒక్కసారి కూడా వెళ్లలేదు. పదమూడేళ్ల పిల్లవాడికి అంతకంటే ఏం తెలుస్తుంది అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. ఇరవై మూడేళ్లకు, నలభై మూడేళ్లకు కూడా వెళ్లలేదు కదా, దానికి ఏం చెప్పుకోను?

షాపుకు పోయాను. జుట్టు నెరిసింది, కళ్లద్దాలు వచ్చాయి, చేతులు మాత్రం అవే. నేను ఎవరో చెప్పాక ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. చాయ్ వచ్చింది. విరిగిన ఉంగరం బల్ల మీద పెట్టాను.

"ఏందిరా ఇది? ఈ వయసుల బొటనవేలికి ఉంగరమేంది?" అన్నాడు.

చెప్పాను. నా బొమ్మ చూశాడు. నా వేలు పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "నీ బొమ్మల బోరు గుండ్రంగ గీసినవు. వేలు గుండ్రంగ ఉంటదారా? ఇటు వెడల్పు, ఇటు సన్నం. గుండ్రంగ కొడితే లోపల తిరుగుతది. కోలగ చేస్త. అడ్డంగ తొడుక్కొని తిప్పు, బిగుసుకుంటది."

ఇత్తడి కడ్డీ లేతుకు ఎక్కించి, మిగతాది ఆకురాయితో చేత్తో చేశాడు. అడ్డంగా తొడిగి పావు వంతు తిప్పగానే అక్కడే పుట్టినట్టు నిలిచిపోయింది. తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది: టర్కీ పనివాళ్లు వందల ఏళ్ల కిందట చేసింది సరిగ్గా ఇదే. కోల రంధ్రం, అడ్డంగా తొడగడం, తిప్పి బిగించడం. నేను చదువుకుని చేసిన తప్పును వాడు నా వేలు చూసి దిద్దాడు.

డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. ఎనిమిదో తరగతి ప్రశ్న గుర్తుందా అని అడిగాను. ఏకలవ్యుడి జవాబు మొత్తం చెప్పాను. కుక్క, ఏడు బాణాలు, కుడి పక్క, వేగం, అన్నీ. చేస్తున్న పని ఆపి విన్నాడు. "అయితే నేనడిగింది పిచ్చి ప్రశ్న కాదన్నట్టు" అన్నాడు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నానని వాడికి గుర్తుందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. తర్వాత వాడే అన్నాడు: "తెలిసినంక చెప్పుమన్నడు కద సారు. చెప్పినవా?"

చెప్పలేదు. అందుకే ఈ రోజు మాట్లాడతానని ఒప్పుకున్నాను.

మిత్రులారా, మన మాస్టార్లు ఎవరూ మన వేళ్లు అడగలేదు. ఉన్నదంతా మనకే ఇచ్చారు. ద్రోణుడు అడిగాడు కాబట్టి ఏకలవ్యుడి పేరు మనకు గుర్తుంది. ఎవరూ అడగకుండానే సంవత్సరం మధ్యలో లేచి వెళ్లిపోయిన పిల్లలు మన ప్రతి బ్యాచిలో ఉన్నారు. ఫీజు కట్టలేక పోయినవాళ్లు, నాన్న పోయి పనికి పోయినవాళ్లు, పెళ్లి చేసి పంపేసిన ఆడపిల్లలు. మన సంఘం నియమాల ప్రకారం ఇక్కడ పదో తరగతి పాసైనవారే సభ్యులు. యాభై ఏళ్ల కిందట ఆ నియమం రాసినవాళ్లది చెడ్డ ఉద్దేశం కాదు, సర్టిఫికెట్ చూస్తే లెక్క సులువని రాసి ఉంటారు. కానీ ఆ లెక్క ప్రకారం, ఎనిమిదో తరగతిలో అందరికంటే మంచి ప్రశ్న అడిగినవాడు మన పూర్వ విద్యార్థి కాడు.

అందుకని స్వర్ణోత్సవం సందర్భంగా కార్యవర్గాన్ని రెండు కోరుతున్నాను. ఒకటి, బడి అడ్మిషన్ రిజిస్టర్లో పేరు ఉన్న ప్రతి ఒక్కరూ, ఒక్క రోజు చదివినా సరే, సభ్యులు కావాలి. రెండు, మనం పోగుచేసిన స్కాలర్‌షిప్ నిధిలో కొంత భాగం ర్యాంకులకు కాకుండా, సంవత్సరం మధ్యలో ఇంటి కష్టంతో బడి మానబోతున్న పిల్లలకు పక్కన పెట్టాలి. ఏ బెంచీ ఖాళీ అయిందో క్లాసు టీచరుకు మొదట తెలుస్తుంది. ఆ సోమవారమే ఎవరో ఒకరు వాళ్ల ఇంటికి వెళ్లాలి. మొదటి పేరుగా వెళ్లేవాళ్ల జాబితాలో నా పేరు రాసుకోండి. నా వాటా చెక్కు కోశాధికారి గారికి ఇవాళే ఇచ్చాను.

మాస్టారూ, ఎనభై ఆరేళ్ల వయసులో మీరు ఇంత దూరం వచ్చారు. ఇదిగో ఆ ఉంగరం. అడ్డంగా తొడుక్కుని పావు వంతు తిప్పాలి. మీ వేలికి కాస్త వదులు కావచ్చు. సరిచేయాల్సి వస్తే చేసినవాడు ఈ హాల్లోనే ఉన్నాడు, చివరి వరసలో, తలుపు పక్కన. రానన్నాడు, నేనే లాక్కొచ్చాను. మ్యూజియంలో ఒకసారి వాడి చెయ్యి పట్టుకుని తప్పు వైపు లాక్కుపోయాను. ఈసారి సరైన వైపే తెచ్చాననుకుంటున్నాను.

జవాబు నేను చెప్పాను గానీ, ప్రశ్న వాడిది. దయచేసి ముందుకు రమ్మని మీరే పిలవండి మాస్టారూ. నేను పిలిస్తే రాడు.